దూది మనది, విద్య యెవరిది?

చలువచేసిన బట్ట చివికిపోవుట యొక లోపము. చలువపొడి మోతాదు మించినచో నూలు బలము దప్పును. పిదప అద్దకమునకు బెట్టినపుడు రంగు మచ్చలు మచ్చలుగా బట్టును. ఫ్రాన్సు దేశమున రూఆన్ పట్టణమందలి జార్జి విట్సు అను రసాయనజ్ఞుడు 1883 ప్రాంతమున ఈ లోపమును పరీక్షించి, దూదిలోని సెల్యులోజు ప్రాణవాయువును గ్రహించి మార్పు జెందుటయే దీనికి కారణమని తేల్చెను. ఆ మారిన పదార్థమునకు ఆక్సీసెల్యులోజు అని పేరిడెను. అటుపై ఇంచుమించు అరువదేండ్ల వరకు ఈ పదార్థము అద్దకపువారికి శత్రువు. దానిని పుట్టనీయకుండుటయే నేర్పుగా నుండెను. నేడో, ఆ పదార్థమే దేశదేశముల శస్త్రచికిత్సాలయములలో నెత్తురు నాపు సాధనముగా నున్నది. ఈ మార్పు యెట్లు కలిగెనో, పత్తి పండించు మనకు అందు భాగమెంతయో విచారింపవలెనని ఈ వ్యాసమునకు పూనుకొంటిమి. విచారించిన కొలదిని మాకు కలిగినది సంతోషముకన్న సిగ్గే యెక్కువ.

ముందు విషయమును దెలిసికొందము. దూది యనగా నేమి? నూటికి తొంబది పాళ్ళకు పైగా సెల్యులోజు. 1838వ సంవత్సరమున ఫ్రెంచి పండితుడు ఆన్సెల్మ్ పాయెన్ దీనిని వృక్షకణముల గోడలనుండి వేరుచేసి చూపెను. గడ్డియు, వెదురును, కొయ్యయు, చెరకుపిప్పియు అన్నియు నీ సెల్యులోజుతో కట్టబడినవే. దూదియందు మాత్రము అది మిక్కిలి స్వచ్ఛముగా నున్నది. చక్కెర రేణువులు వేలకొలది గొలుసువలె కూడి సెల్యులోజు అగును. ఆవు గడ్డి మేసి దానిని జీర్ణించుకొనుట దాని పొట్టలోని సూక్ష్మజీవుల పుణ్యము. మానవ శరీరమున కా శక్తి లేదు. కావుననే శస్త్రచికిత్స చేసినవారు మరచి దూదిపీలికను లోపల విడిచినచో, అది యేండ్లు గడచినను కరగక, చుట్టును గడ్డకట్టి రోగికి ప్రాణాంతక మగుచుండును. ఈ విపత్తునకు వైద్యశాస్త్రమున ప్రత్యేకముగా నొక పేరే యున్నది. ఆ పేరులో లాటిను భాషయందలి పత్తి శబ్దము చేరియున్నది.

ఇక ఆ గొలుసులోని ప్రతి చక్కెర రేణువునకును ఆరు కర్బనములున్నవి. ఆరవ కర్బనము గొలుసునకు వెలుపలగా తొండమువలె పొడుచుకొని యుండును. ఆ యొక్కచోట ప్రాణవాయువును తగిలించి దానిని ఆమ్లముగా మార్చినచో, దూది రూపమున దూదియే, గుణమున వేఱు. నీటిలో కరగదు; కాని కొంచెము క్షారగుణము గల ద్రవమున మెల్లగా కరగును. మన నెత్తురును, శరీరద్రవములును అట్టి కొంచెపు క్షారగుణము గలవియే. అనగా ఒక్క యంచును మార్చుటచేత, శరీరమునకు ఎన్నటికిని జీర్ణము కాని వస్తువు జీర్ణమగు వస్తువైనది. మాయ లేదు, మంత్రము లేదు. అమెరికా ఔషధసంహిత ఇట్టి దూదియందు ఆమ్లభాగము నూటికి 16 మొదలు 24 పాళ్ళవరకు ఉండవలెనని నిర్ణయించినది. తక్కువైన కరగదు, మార్పు మితిమీరెనా, నూలు చివికి చేతికి రాదు. చాకలివాని భయమును వైద్యుని యవసరమును ఈ రెండు అంకెల నడుమ సంధి చేసికొన్నవి.

ఈ పని చేసినవారెవరు? వైద్యులు కారు. ఛాయాచిత్రముల ఫిల్ము చేయు ఈస్టుమన్ కోడక్ కంపెనీ ప్రయోగశాలలో యాకెల్, కెన్యన్ అను నిరువురు. నత్రజని ద్విఆమ్లజనిద వాయువును దూదిపై ప్రసరింపజేసి ఆరవ కర్బనమును మార్చు పద్ధతిని వారు 1942లో ప్రకటించిరి. అది మహాయుద్ధకాలము. మరుసటి యేడే న్యూయార్కు నగరమున వర్జీనియా నీలండ్ ఫ్రాంట్సు అను వైద్యురాలు ఈ దూదిని, ఈ గుడ్డను జంతువుల శరీరములలో నుంచి, అవి హాని లేక కరగిపోవుచున్నవని చూపెను. అదే 1943లో ట్రేసీ పట్నం అను మెదడు శస్త్రవైద్యుడు దీనిని తన చికిత్సలలో వాడి ఫలితములను ప్రకటించెను. స్త్రీలు శస్త్రవైద్యమున అడుగిడుటయే అరుదైన ఆ దినములలో, ఆ వైద్యురాలు ఇంతటి కార్యము నిర్వహించినదని మా చదువరులు గమనింతురు గాక. యుద్ధము ముగియులోపలనే అది అంగడిలోనికి వచ్చినది. ఫిల్ము కంపెనీ ప్రయోగశాలకును రోగి మంచమునకును నడుమ దూరము మూడు నాలుగేండ్లు. మన విశ్వవిద్యాలయమునకు ఎదురుగానున్న ఆసుపత్రికి వీధి దాటుటకు ఎంతకాలము పట్టునో చెప్పగలవా రెవరైన నున్నారా?

ఇది నెత్తురు నాపు తీరు కూడ చెప్పవలసియున్నది, ఏలయన ఇందు అపోహ లనేకము. నెత్తురు గడ్డకట్టుటకు దేహమునందున్న సహజవ్యవస్థను ఇది ప్రేరేపింపదు. పొడిగా నుంచినపుడు నెత్తురును పీల్చుకొని ఉబ్బి, జిగురుముద్దయై, దానిలోని ఆమ్లము రక్తవర్ణకమును గోధుమ, నలుపు వన్నెలకు మార్చి, చిన్న నాళముల నోళ్ళను మూయును. ఆ ఆమ్లముచేతనే అనేక సూక్ష్మజీవులును అందు బ్రతుకనేరవు. కాని పెద్ద ధమని తెగినచోట దీనిని నమ్ముకొనుట వెఱ్ఱితనము. అచట దారముతో ముడివేయవలసినదే. మఱియొక చిత్రము: త్రాంబినను రక్తఘనీకరణ పదార్థముతో కలిపి వాడిన మరింత మేలని మొదటివా రనుకొనిరి, ఆమ్లము త్రాంబినును చంపివేయునని పిదప తెలిసినది.

"మొక్కనుండి వచ్చినది గావున నిరపాయము" అను ప్రకటనల మాట నిచట మేము ఖండింపక తప్పదు. ఉమ్మెత్తయు మొక్కయే. ఆక్సీకృత సెల్యులోజు నెత్తురు పీల్చి ఉబ్బునని చెప్పితిమి గదా. వెన్నెముక సందులలో, కంటినరము సాగు ఎముక రంధ్రములలో, ఉబ్బుటకు చోటులేని తావులయందు దానిని విడిచిపెట్టినపుడు నరము నలిగి, రోగికి కాళ్ళు పడిపోయిన యుదాహరణములు, చూపు పోయిన యుదాహరణములు వైద్యగ్రంథములలో కెక్కియున్నవి. నెత్తురు ఆగిన పిమ్మట దానిని తీసివేయవలెనని తయారుచేసినవారే పత్రములో వ్రాయుదురు. కొద్దిపాటిగా మిగిలినది ఒకటి రెండు వారములలో కరగును. ఎక్కువగా విడిచిన నెలలతరబడి నిలుచును. అట్లు నిలిచినది స్కానింగు చిత్రమున చీముగడ్డవలె కనబడి, వైద్యుని మోసగించి, అక్కరలేని రెండవ కోతకు దారి తీయును. కావున ఏ రోగి శరీరమున ఎంత విడువబడెనో చికిత్సాపత్రమున వ్రాయుట విధిగా నుండవలెను. ఈ చిన్న నియమమునకు ధనము అక్కరలేదు, విదేశయంత్రము అక్కరలేదు; ఒక కలము, ఒక నిమిషము చాలును. అదియైనను జరుగుచున్నదా యని ఆసుపత్రుల యధికారులు తమ్ముతాము ప్రశ్నించుకొందురు గాక.

ఇక మన సంగతి. దూది నత్రికామ్లముతో కలియుట మన గడ్డకు క్రొత్తయా? కాదు. గంధకికామ్లముతో కూడిన నత్రికామ్లమున దూదిని ముంచినచో అది భయంకరమైన ప్రేలుడు దూది యగునని షోన్‌బైన్ 1846లో కనిపెట్టెను. ఇరువదవ శతాబ్ద ప్రారంభమున ఆంగ్ల ప్రభుత్వమునకు తన తుపాకుల కొరకు ఆ దూది కావలసివచ్చినది. అంతట నీలగిరులలో అరువంకాడు వద్ద కార్డైటు కర్మాగారము లేచినది! ఈ దేశపు శీతోష్ణస్థితి అట్టి పనికి తగదనిగాని, ఈ దేశపు కూలివాడు ఆమ్లములతో పనిచేయజాలడనిగాని అప్పు డెవ్వరును అనలేదు. చంపుటకు దూది కావలసినప్పుడు దారి దొరికినది. బ్రతికించు దూది వచ్చునప్పటికి మాత్రము మనకు వేయి సందేహములు, పదివేల సమితులు.

ప్రపంచమున పత్తి పండించు దేశములలో భారతదేశము మొదటి రెండు స్థానములలో నున్నది. అందు తెలంగాణము ముందువరుసలోనిది. గుంటూరు, కర్నూలు మండలముల నల్లరేగడి సంగతి చెప్పనేల? గుంటూరు చెంతనున్న లాం పరిశోధనక్షేత్రము పత్తివంగడములకు పేరొందినది. బొంబాయిలో మాతుంగాయందు పత్తి సాంకేతిక ప్రయోగశాల 1924లోనే యేర్పడినది; నేడచట సూక్ష్మసెల్యులోజు చేయు నమూనా యంత్రాగారము కూడ గలదు. ఆ పనికి మేము సంతోషించుచున్నాము. కాని నమూనా నమూనాగానే యుండిపోవుట మన దేశమున నొక ఆచారమైనది. ప్రారంభోత్సవమునకు పూలదండలతో వచ్చిన పెద్దలు మరల ఆ గుమ్మము త్రొక్కిన వార్త పత్రికలలో కానరాదు.

జిన్నింగు మిల్లులోనికి పోయిన ప్రత్తిలో మూడింట నొకపాలు మాత్రమే దూదిగా బేళ్ళకెక్కును. తక్కిన రెండు పాళ్ళు గింజ. ఆ గింజను అంటియుండు పొట్టి నూగునే లింటరు లందురు. బట్ట నేయుటకు అది పనికిరాదు గాని, సెల్యులోజు రసాయనమునకు అంతకు మించిన ముడిసరుకు లేదు. అమెరికాలో దానిని గీచి తీసి వేరుగా అమ్ముదురు. మనయొద్ద చాలవరకు ఆ గింజను నూగుతోనే గానుగకు త్రోయుదురు. నూగు కొంత నూనెను పీల్చును, మిగిలినది తెలకపిండితో కూడి పశువుల తొట్టిలో పడును. శస్త్రవైద్యమునకు పోవలసినది గాటిపాలగుచున్నది. పశువునకైనను దానివలన లాభ మంతంతమాత్రమే.

సెల్యులోజు విద్యకు తెలుగునాట పునాదులే లేవని యెవరైన ననినచో వారికి రెండు పేర్లు జ్ఞాపకము చేయుదుము. కాగజునగరమున సర్‌సిల్కు మిల్లు సెల్యులోజునుండి కృత్రిమపట్టు చేసినది. 1980 దశకమున మూతపడినది. ములుగు సీమలో మంగపేట దగ్గర కమలాపురమున రేయాను గుజ్జు చేయు మిల్లు యుండెను. కొయ్యనుండి పరిశుద్ధమైన సెల్యులోజును తీయుటయే దాని పని. నేడు శస్త్రచికిత్సలలో మిక్కిలి వాడుకలోనున్న నెత్తురు నాపు గుడ్డ, దూదికంటెను అట్టి గుజ్జునుండి మరల వడికిన రేయానుతోనే తయారగుచున్నది. నూలుపోగు సమముగా నుండుటచేత మార్పును సమముగా నుండును. ముడిగుజ్జు మన యింట పుట్టినది. ఔషధముగా మారిన వస్త్రము సముద్రము దాటి మన యింటికి వచ్చినది. కమలాపురము మిల్లు 2014లో ఆగిపోయినది. ఆ మిల్లును నమ్ముకొన్న కుటుంబముల దుఃఖమును గూర్చి పత్రికలు వ్రాసినవి. దానితోబాటు ఆ పనివాండ్ర చేతులలోని విద్య కూడ చెదరిపోయెనని వ్రాసినవారిని మేము చూడలేదు.

ఇప్పుడు పత్తి పండని సీమలను జూడుడు. చెకు దేశమున పత్తిచేను లేదు. అచటి చలికి పత్తి మొలవదు. అయినను పార్దుబిట్సె పట్టణమున పత్తి లింటరులనుండి ఆక్సీకృత సెల్యులోజును చేసి, నెత్తురు నాపు మందుగా అమ్ముచున్నారు. ఆ సంస్థయే ప్రేలుడు దూది వంశపు నైట్రోసెల్యులోజును కూడ చేయును. ఆమ్లముల నేర్పు ఒకటి యున్న చోట రెండవది పుట్టుట సహజమని యిందువలన తెలియుచున్నది. మనకు అరువంకాడు ఉన్నను ఆ రెండవది పుట్టలేదు. ఏల?

జపాను కథ ఇంకను విచారింపదగినది. టోక్యో విశ్వవిద్యాలయమున అకీరా ఇసోగై, ఆయన సహచరులు టెంపో అను ఉత్ప్రేరకముతో (మన బజారులలో తిరుగు టెంపో బండి కాదు) నీటిలోనే సెల్యులోజు ఆరవ కర్బనమును మార్చిరి. అట్లు మారిన నూలుపోగుల ఉపరితలమంతయు ఋణవిద్యుత్తుతో నిండి, ఒకదానినొకటి నెట్టుకొని, కొంచెము చిలికినంతనే విడివిడిగా చీలిపోవును. ఒక్కొక్క చీలిక వెడల్పు మూడు నాలుగు నానోమీటర్లు. అనగా తలవెండ్రుకను ఇరువదివేల పాళ్ళు చేసిన నందొక పాలు. వెన్నవలె కనబడు ఆ ముద్దను ఆరబెట్టిన గాజువలె పారదర్శకమైన పొర వచ్చును. పొడిగా నున్నంతవరకు అది ప్రాణవాయువును దాటనీయదు గావున ఆహారపదార్థముల పొట్లములకు పనికివచ్చునని ఆశించుచున్నారు. ఈ విద్యకు 2015లో ఇసోగై, సైతో, నిషియామా అను మువ్వురకు స్వీడను దేశపు వాలెన్‌బర్గు బహుమానము లభించినది. 2011 నాటి సునామిలో మునిగి మరల లేచిన ఇషినోమాకి కాగితపు మిల్లులోనే 2017లో ఏడాదికి 500 టన్నుల ఈ సూక్ష్మసెల్యులోజును చేయు యంత్రాగారము వెలసినది. సముద్రము ముంచిన మిల్లు క్రొత్తవిద్యకు ఇల్లైనది. ఏ సముద్రమును ముంచని మన మిల్లులు తుప్పుబట్టినవి.

జీవశాస్త్రమునందును దీనికి తావున్నది. పెరయోడేటు అను లవణముతో సెల్యులోజును వేఱొక విధమున మార్చినచో అది ఎంజైములను తనకు కట్టివేసికొనును. నీటిలో కలిసిపోయి ఒక్కసారికే వ్యర్థమగు ఎంజైమును అట్లు బంధించి మరల మరల వాడుకొనవచ్చును. సూక్ష్మజీవులు నేయు సెల్యులోజు పొర మన దేహమున కరగదు. దానిని కూడ ఇట్లే మార్చిన కరగునదిగా చేయవచ్చునని తెలిసినది. గాయమునకు కప్పు, కణములు పెరుగుటకు పందిరి, మందును మెల్లమెల్లగా విడుచు సంచి, ఇట్లు పరిశోధనలు సాగుచున్నవి. వీనిలో చాలభాగము ఇంకను ప్రయోగశాలల గడప దాటలేదు. దాటినట్లు చెప్పుకొని నిధులు దండుకొనువారిని నమ్మవలదని మా హెచ్చరిక.

మా వాదమునకు మూడు దిక్కులనుండి ప్రత్యుత్తరము వచ్చునని ఎఱుగుదుము. మొదటివారు, "ఇవన్నియు మన పూర్వులెఱిగినవే, గుడ్డ కాల్చిన మసి గాయమునకు అద్దుటలేదా?" యందురు. మసిలో సెల్యులోజే మిగులదు, కాలిపోయినది. పూర్వుల గౌరవము ఇట్టి బొంకులపై నిలువవలసిన దుర్గతిలో లేదు. రెండవవారు, "పేటెంటులు వారివి, మూలధనము వారిది, మన కేల?" యందురు. 1942 నాటి పద్ధతికి పేటెంటు గడువు తీరి దశాబ్దములైనది. నేడు మన దేశముననే కొన్ని సంస్థలు ఈ గుడ్డను చేయుచున్నవి. చేయవచ్చుననుటకు అదియే సాక్ష్యము. ఔషధరసాయనములకు ప్రపంచమున పేరొందిన హైదరాబాదు, 1944లోనే రసాయన పరిశోధనశాలకు పునాది వేసికొన్న హైదరాబాదు, ఈ యొక్క కర్బనము ముందు చేతులు ముడుచుకొన నేల?

మూడవవారే మిక్కిలి యపాయకరులు. వారు మన పక్షమువారే. "ఈ పరిశ్రమ వచ్చిన పత్తిరైతు కష్టములు తీరును" అని సభలలో చెప్పువారు. మేము స్పష్టముగా వ్రాయుచున్నాము: తీరవు. ఒక చికిత్సకు కావలసిన నెత్తురు నాపు గుడ్డ తూకము కొలది గ్రాములు. దేశమంతటి ఆసుపత్రుల కక్కరకువచ్చునంత దూదియైనను పత్తిబజారున ధరను పైసాయంత కదల్పలేదు. 1997-98లో వరంగల్లు మండలమున పురుగుమందు త్రాగి ప్రాణములు విడిచిన పత్తిరైతులను ఈ దేశము చూచినది. అప్పులు, నాసిరకపు మందులు, లద్దెపురుగు, దళారిధర, వీనికి వైద్యము వేఱు. రైతునకు మరియొక మారు ఆశ చూపి మోసగించుటకు మా కలము ఒప్పుకొనదు. అతనికి న్యాయమైన వెల యిప్పించుట ఒక ధర్మము. అతని పంటనుండి విద్యను పుట్టించుకొనుట మరియొకటి. రెండును మనకున్న ఋణములే. ఒకటి చూపి మరియొకదానిని ఎగవేయరాదు.

నత్రజని ద్విఆమ్లజనిదము విషవాయువని, టెంపో పద్ధతిలో వాడు హైపోక్లోరైటు ఉప్పుకలిపిన మురికినీటిని విడుచునని మాకు తెలియకపోలేదు. శుద్ధిచేయని మిల్లునీరు నదిలో కలిసిన నేమగునో గోదావరి తీరవాసులకు వేఱుగా చెప్పనక్కరలేదు. అట్టి మిల్లును మేము కోరము. చిన్నదైనను శుచిగా నడచుదానినే కోరుచున్నాము.

మేము అడుగునది కొంచెము. గింజనుండి నూగును తీసిన పిమ్మటనే గానుగాడు మిల్లులకు ప్రభుత్వము పన్నులో కొంత వెసులుబాటు చూపవలెను. వరంగల్లు, గుంటూరు వైద్యకళాశాలలును, హైదరాబాదు రసాయనశాలయు కలిసి, ఏ గుడ్డ ఎంత విడువబడెను, రోగి యెట్లున్నాడు అను లెక్కలు వ్రాయ నారంభింపవలెను. రసాయనశాస్త్రము చదువు మన బాలురు ఎం.ఎస్‌సి. పట్టముకొరకు ఆరవ కర్బనమును పుస్తకమున చదివి విడువక, ఒక పిడికెడు లింటరును చేతబట్టి మార్చి చూడవలెను. కమలాపురమున పనిచేసిన గుజ్జు పనివారు కొందరైనను ఇంకను బ్రతికియున్నారు. వారికి తెలిసినది వ్రాసిపెట్టుటకు ఎవరైనను మంగపేట బండి యెక్కుదురా?